షుగర్ మీద పరిశోధనకు కొవ్వుల ల్యాబ్‌లో చేరాలా?

ప్రశ్న: బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ పూర్తి చేశాను. మా నాన్నగారికి చాలా ఏళ్ళుగా షుగర్ ఉంది. పీహెచ్‌డీ అంటూ చేస్తే దాని మీదే చేయాలని ముందునుంచీ నా పట్టుదల. ఇప్పుడు రెండు చోట్ల అవకాశం వచ్చేలా ఉంది. ఒక ల్యాబ్‌లో ఇన్సులిన్, గ్లూకోజ్ మీద పని. రెండోది లిపిడ్ మెటబాలిజం ల్యాబ్, అక్కడ లివర్‌లో చేరే కొవ్వు మీద పని చేస్తారు. రెండో గైడ్‌తో మాట్లాడాను, ఆవిడ వివరించే తీరు నాకు బాగా నచ్చింది. కానీ "షుగర్ మీద పని చేస్తానని చెప్పి కొవ్వుల దగ్గరికి వెళ్తావేంటి?" అంటున్నారు ఫ్రెండ్స్. ఆ సబ్జెక్టులో కనిపెట్టాల్సినవన్నీ ఎప్పుడో కనిపెట్టేశారని కూడా అంటున్నారు. ఐదారేళ్ళు ఎలుకల మీద పని చేశాక చివరికి ఏమీ తేలకపోతే ఎలా అని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? (ఒక పాఠకురాలు)

జవాబు: కొవ్వుల ల్యాబ్‌లోనే చేరండి. దానికి ఒక షరతు ఉంది, ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు మీ ఫ్రెండ్స్ అడిగినదానికి సమాధానం.

1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక కుక్కకు ఆపరేషన్ చేసి పాంక్రియాస్ తీసేశారు. అది మాటిమాటికీ మూత్రం పోయడం మొదలుపెట్టింది. పరీక్షిస్తే ఆ మూత్రంలో చక్కెర బయటపడింది. అప్పట్నుంచి ఈ జబ్బు గురించి ఆలోచించినవాళ్ళలో ఎక్కువమంది గ్లూకోజ్ దగ్గరే మొదలుపెట్టారు. 1992లో డెనిస్ మెగారీ అనే బయోకెమిస్టు సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాస్తూ ఒక మంచి ప్రశ్న వేశాడు. మింకోవ్‌స్కీ నాలుకకు రుచి తెలియకుండా, ముక్కు మాత్రం చురుగ్గా ఉండి ఉంటే ఏమయ్యేది? మూత్రంలోని తీపి సంగతి ఆయనకు తెలిసేది కాదు. అసిటోన్ వాసన తగిలేది. ఇన్సులిన్ లేనప్పుడు ఫ్యాటీ ఆసిడ్లు (కొవ్వు విరిగితే వచ్చేవి) అదుపు లేకుండా లివర్‌కు చేరి, అక్కడ కీటోన్లు అనే పదార్థాలుగా మారతాయి. అసిటోన్ వాటిలోంచి పుట్టేదే. అప్పుడు డయాబెటిస్‌ను మనం మొదటినుంచీ కొవ్వు మెటబాలిజం గాడి తప్పిన జబ్బుగానే చదువుకునేవాళ్ళం అంటాడాయన.

ఆ మాట అనే హక్కు ఆయనకు ఉంది. డల్లాస్‌లో డేనియల్ ఫోస్టర్‌తో కలిసి లివర్‌లో కీటోన్లు ఎప్పుడు తయారవుతాయి, ఎప్పుడు ఆగిపోతాయి అన్నదాని మీద ఏళ్ళ తరబడి పని చేసినవాడు. తిండి తిన్న జంతువు లివర్‌లో కీటోన్ల తయారీని ఆపుతున్నదేమిటో వెతుకుతూ వెళితే దొరికింది మెలొనైల్ కో-ఏ. కొత్త కొవ్వు తయారీలో మొదటి మెట్టు అది. ఫ్యాటీ ఆసిడ్లు మైటోకాండ్రియాలోకి, అంటే కణంలో అవి కాలే చోటికి, వెళ్ళాలంటే సీపీటీ-1 అనే ఎంజైమ్ దాటాలి. మెలొనైల్ కో-ఏ ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుందని 1977లో వాళ్ళు చూపించారు. అంటే కొవ్వు తయారవుతున్న వేళ కొవ్వును కాల్చే దారి దానంతటదే మూసుకుంటుంది. ఆ తయారీని పెంచేది ఇన్సులిన్. చక్కెరకూ కొవ్వుకూ మధ్య అసలు కీలు ఇక్కడే ఉంది. మీరు ఏ ల్యాబ్‌లో చేరినా ఈ కీలు దగ్గరికే వస్తారు. కొవ్వుల ల్యాబ్ నుంచి వస్తే ఇంకాస్త ముందే వస్తారు.

ఇంకో ఆధారం చెబుతాను, నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే. లైపోడిస్ట్రోఫీ అనే అరుదైన జబ్బు ఉంది. కొందరిలో ఒంట్లో కొవ్వు కణజాలం దాదాపు ఉండదు. కొవ్వే షుగర్‌కు కారణమైతే వీళ్ళకు రాకూడదు కదా? వీళ్ళకు వచ్చే డయాబెటిస్ ఓ పట్టాన లొంగదు. దాచుకునే చోటు లేక కొవ్వంతా లివర్‌లోకీ కండరాల్లోకీ చేరుతుంది. కొవ్వు కణజాలం లేకుండా పెంచిన చిట్టెలుకల్లోనూ ఇదే జరుగుతుంది. వాటికి మామూలు చిట్టెలుకల కొవ్వు కణజాలాన్ని అమరిస్తే డయాబెటిస్ తగ్గింది, ఆ ఫలితం 2000లో అచ్చయింది. షుగర్‌కు వాడే పయోగ్లిటజోన్ లాంటి మందుల సంగతీ ఇలాంటిదే. అవి బరువు పెంచుతాయి, అయినా ఇన్సులిన్ బాగా పని చేసేలా చేస్తాయి. కాబట్టి కొవ్వు ఎంత ఉందన్నదానికంటే ఎక్కడ ఉంది, అక్కడికి ఎలా చేరింది, అక్కడి నుంచి ఎంత వేగంగా కదులుతోంది అన్నవే అసలు ప్రశ్నలు.

మీకు నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన విషయం ఇదే: పీహెచ్‌డీలో వేగాన్ని కొలవడం నేర్చుకోండి. ఈ రంగంలో వచ్చే పేపర్లలో చాలా భాగం పరిమాణాలే చెబుతాయి. లివర్‌లో ఇన్ని మిల్లీగ్రాముల ట్రైగ్లిజరైడ్లు (మూడు ఫ్యాటీ ఆసిడ్లున్న నిల్వ కొవ్వు), కండరంలో ఇంత డైఅసైల్‌గ్లిసరాల్ (రెండే ఉన్నది) అని. చెరువులో నీటిమట్టం చూసి ఎంత నీరు వస్తోంది, ఎంత పోతోంది అన్నది చెప్పలేం. లివర్‌లో కొవ్వు రెండింతలైంది అంటే, ఎక్కువ వచ్చి చేరిందా, అక్కడే ఎక్కువ తయారైందా, కాలడం తగ్గిందా, వీఎల్‌డీఎల్ (రక్తంలో కొవ్వును మోసే కణికలు) రూపంలో బయటికి పోవడం తగ్గిందా? నాలుగింటిలో ఏదైనా కావచ్చు. ఒక్కోదానికి మందు వేరు.

పరిమాణం ఎంత తప్పుదారి పట్టించగలదో 2001లో గుడ్‌పాస్టర్ బృందం చూపించింది. ఓర్పు అవసరమైన క్రీడల్లో శిక్షణ పొందిన ఆటగాళ్ళ కండరాల్లో కొవ్వు కొలిస్తే, టైప్-2 డయాబెటిస్ ఉన్నవాళ్ళ కండరాల్లో ఉన్నంత ఉంది. కానీ ఇన్సులిన్ అందరికంటే బాగా పని చేసేది ఆ ఆటగాళ్ళలోనే. వాళ్ళ కండరంలో కొవ్వు రోజూ ఖర్చవుతుంది, రోజూ నిండుతుంది. రెండోవాళ్ళలో ఆ కదలిక మందగించింది. కొలిచిన అంకె ఒకటే అయినా లోపల జరుగుతున్నది వేరు.

వేగం కొలవడానికి దారి వేసినవాడు రుడాల్ఫ్ షోన్‌హైమర్. 1935లో కొలంబియా యూనివర్సిటీలో డేవిడ్ రిట్టెన్‌బర్గ్‌తో కలిసి డ్యుటీరియంతో (బరువైన హైడ్రోజన్‌తో) గుర్తు పెట్టిన కొవ్వును చిట్టెలుకలకు తినిపించాడు. తిన్న కొవ్వు వెంటనే కాలిపోతుందని, నిల్వ ఉన్న కొవ్వు అవసరం వచ్చేదాకా కదలకుండా పడి ఉంటుందని అప్పటి నమ్మకం. గుర్తు పెట్టిన కొవ్వులో ఎక్కువ భాగం ముందు నిల్వల్లోకే వెళ్ళింది. నిల్వ అనుకున్నది నిరంతరం మారిపోతూ ఉందన్నమాట. ఈ పద్ధతే ఇంకా పదునెక్కి, 2005లో ఫ్యాటీ లివర్ ఉన్న మనుషుల్లో లివర్ కొవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో విడదీసి చూపించగలిగారు. దాదాపు 59 శాతం రక్తంలో తిరిగే ఫ్యాటీ ఆసిడ్ల నుంచి, 26 శాతం లివర్ స్వయంగా తయారు చేసుకున్నది, 15 శాతం తిండిలోంచి వచ్చినది. ఇలాంటి ఐసోటోపు గుర్తులు లేకుండా, ఎంత ఖరీదైన మెషిన్ ఉన్నా, ఈ లెక్క తేలదు.

ఇక బెంచ్ పని. ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ రంగంలో మంచి కెరీర్‌కు పునాది పడేది ఇక్కడే.

మొదటి సంవత్సరం మీకు కణజాలంలోంచి లిపిడ్లు తీయడం నేర్పుతారు. పద్ధతి 1957 నాటిది, ఫోల్చ్ పద్ధతి: క్లోరోఫాం రెండు పాళ్ళు, మెథనాల్ ఒక పాలు. కణజాలాన్ని దంచి అందులో కలిపి, ఉప్పునీళ్ళు చేర్చి తిప్పితే రెండు పొరలు విడిపోతాయి. మీకు కావలసిన కొవ్వు కింది పొరలో ఉంటుంది. చూడటానికి తేలికే. కానీ ప్లాస్టిక్ ట్యూబు వాడితే క్లోరోఫాం ప్లాస్టిక్‌లోని రసాయనాల్ని కరిగించి తెస్తుంది, అణువుల్ని బరువును బట్టి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో అవే ముందు కనబడతాయి. గాజు ట్యూబులే వాడాలి. ఆరబెట్టేటప్పుడు నైట్రోజన్ కింద పెట్టాలి, లేదంటే డబుల్ బాండ్లు ఎక్కువున్న ఫ్యాటీ ఆసిడ్లు గాలి తగిలి ఆక్సీకరణం చెందుతాయి. తెలిసిన పరిమాణంలో ఇంటర్నల్ స్టాండర్డ్‌ను (పోల్చి చూసుకునే లిపిడ్‌ను) క్లోరోఫాం పోయకముందే కలపాలి, తర్వాత కాదు. తర్వాత కలిపితే తీసే క్రమంలో ఎంత పోయిందో ఎప్పటికీ తెలియదు.

వీటన్నిటికంటే ముందుది ఇంకోటి ఉంది. ఎలుక నుంచి లివర్ తీసి ఐస్ మీద పెట్టి, మిగతా పని చూసుకుని వచ్చేవాళ్ళున్నారు. ఐస్ మీద కూడా లైపేజులు (కొవ్వును విరగ్గొట్టే ఎంజైములు) పని చేస్తూనే ఉంటాయి. ట్రైగ్లిజరైడ్లు విరిగి డైఅసైల్‌గ్లిసరాల్, ఫ్యాటీ ఆసిడ్లు పుట్టుకొస్తూనే ఉంటాయి. ఆ అంకెలు జబ్బువి కావు, ఆలస్యానివి. కణజాలాన్ని సెకన్లలో లిక్విడ్ నైట్రోజన్ చల్లదనానికి తీసుకెళ్ళే ల్యాబ్ అయితే ఆ గైడ్ విషయం తెలిసిన మనిషి అనుకోవచ్చు. అలాగే మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి వెళ్ళేటప్పుడు ట్రైగ్లిజరైడ్ ఒక ఫ్యాటీ ఆసిడ్‌ను వదిలేసి, అచ్చం డైఅసైల్‌గ్లిసరాల్ లాగా కనబడే అయాన్‌గా మారవచ్చు. ముందే క్రోమటోగ్రఫీలో రెండింటినీ విడదీయకపోతే, లివర్‌లో కొవ్వు పెరిగిన ప్రతిసారీ డైఅసైల్‌గ్లిసరాల్ కూడా పెరిగినట్టే కనిపిస్తుంది.

సెల్ కల్చర్‌లో ఇంకో ఉచ్చు ఉంది. కణాలకు పామిటేట్ అనే ఫ్యాటీ ఆసిడ్ ఇచ్చి, అవి చనిపోతే "కొవ్వు విషం" అని రాస్తారు. ఒక శాతం ఆల్బుమిన్‌లో (రక్తంలో ఫ్యాటీ ఆసిడ్లను మోసే ప్రోటీన్ ఇది) 0.5 మిల్లీమోలార్ పామిటేట్ కలిపారనుకుందాం. ఆల్బుమిన్ అక్కడ 0.15 మిల్లీమోలార్ మాత్రమే. ఒక్కో ఆల్బుమిన్‌కు మూడుకు పైగా పామిటేట్‌లు. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో ఆల్బుమిన్ దాదాపు 0.6 మిల్లీమోలార్ ఉంటుంది, ఫ్యాటీ ఆసిడ్లు కూడా ఇంచుమించు అంతే. అంటే ఒకటికి ఒకటి. పైగా మన రక్తంలో పామిటేట్ ఒక్కటే తిరగదు, ఓలియేట్ అనే ఇంకో ఫ్యాటీ ఆసిడ్ కూడా దండిగా ఉంటుంది. కాస్త ఓలియేట్ కలిపితే చాలా కణాలు బతికి బట్టకడతాయి. ఈ నిష్పత్తి రాయని పేపర్ చదివితే ఫలితం నమ్మే ముందు మెథడ్స్ సెక్షన్‌కు వెళ్ళండి. ఇప్పటినుంచే ఈ అలవాటు చేసుకుంటే మీకు చాలా కాలం కలిసొస్తుంది.

"అన్నీ కనిపెట్టేశారు" అన్నవాళ్ళకు ఒక్క ఉదాహరణ చాలు. 1963లో ఫిలిప్ రాండిల్ బృందం ఎలుక గుండె, డయాఫ్రం కండరాల మీద పని చేసి, ఫ్యాటీ ఆసిడ్లు కాలుతున్నప్పుడు గ్లూకోజ్ వాడకం ఎలా తగ్గుతుందో వివరించింది. సిట్రేట్ అనే పదార్థం పెరిగి గ్లైకాలసిస్‌ను (గ్లూకోజ్‌ను విరగ్గొట్టే క్రమాన్ని) ఆపుతుంది, కాబట్టి గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ (కణంలోకి వచ్చిన గ్లూకోజ్ మొదట మారే రూపం) పేరుకుపోతుంది అని. మూడు దశాబ్దాలు పాఠ్యపుస్తకాల్లో అదే. 1996లో షుల్మన్ బృందం ఎన్ఎంఆర్ అనే అయస్కాంత పద్ధతితో మనుషుల కండరంలోకే చూసింది. రక్తంలో ఫ్యాటీ ఆసిడ్లు పెంచితే గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ పెరగలేదు, తగ్గింది. అడ్డంకి అంతకుముందే, గ్లూకోజ్ కణంలోకి వచ్చే చోటే ఉందన్నమాట. అయితే అడ్డుకుంటున్నది ఏది? డైఅసైల్‌గ్లిసరాల్ అని ఒక వర్గం, సెరమైడ్లు అనే వేరే లిపిడ్లని ఇంకో వర్గం ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాయి. డైఅసైల్‌గ్లిసరాల్ అయితే ఏ రూపం, కణంలో ఏ పొర మీద ఉన్నది? ఇక లివర్ సంగతి చూడండి. ఇన్సులిన్ రెసిస్టెన్స్ వచ్చిన, అంటే ఇన్సులిన్‌కు సరిగా స్పందించని, లివర్ గ్లూకోజ్ తయారీ ఆపమంటే వినదు, కానీ కొవ్వు తయారు చేయమంటే మాత్రం చేస్తూనే ఉంటుంది. ఒకే హార్మోన్ మాటను సగం విని సగం వినకపోవడం ఎలా? 2008లో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నను సూటిగా ముందుకు తెచ్చారు. మీ థీసిస్‌కు ఇందులో ఒక చిన్న ముక్క చాలు.

ఇప్పుడు షరతు. ఆ గైడ్ మాట్లాడే తీరు నచ్చిందన్నారు, సంతోషం. కానీ ఆవిడతో కంటే ఆ ల్యాబ్‌లో నాలుగో సంవత్సరం చదువుతున్న వాళ్ళతో ఎక్కువసేపు మాట్లాడండి. ఒకే ప్రశ్న అడగండి: "మేడమ్ నమ్మిన ఊహకు వ్యతిరేకంగా ఎప్పుడైనా డేటా వచ్చిందా? వస్తే ఏం చేశారు?" ఆ ప్రయోగాన్ని మరింత జాగ్రత్తగా మళ్ళీ చేయించి, మళ్ళీ అదే వస్తే ఊహను పక్కన పెట్టిన సందర్భం ఒక్కటైనా వాళ్ళు చెప్పగలగాలి. "అలా వస్తే మాకు చేయడం రాలేదంటారు" అని జవాబు వస్తే చేరకండి, సబ్జెక్టు ఎంత మంచిదైనా సరే. కొవ్వుల బయోకెమిస్ట్రీలో మనకు కావలసిన అంకె తెచ్చిపెట్టే దారులు ఎన్ని ఉన్నాయో పైన చూశారు కదా. ముందే తీర్పు చెప్పేసిన గైడ్ దగ్గర ఐదేళ్ళు ఉంటే, ఆ దారులు తెలియకుండానే అలవాటైపోతాయి. ఇంకా, మాస్ స్పెక్ట్రోమీటర్ వాళ్ళదేనా, వేరే చోటికి పంపుతారా అని కనుక్కోండి. పంపడం తప్పేమీ కాదు, కానీ వచ్చిన డేటాను మీరే కూర్చుని చూడనిస్తారా, లేక తయారైన పట్టిక చేతికిస్తారా అన్నది ముఖ్యం.

చివరికి ఏమీ రాకపోతే అన్న భయం గురించి. అనుకున్నది రాకపోవడం మామూలే. దాన్ని తప్పించుకోవాలంటే మొదటి రెండేళ్ళలో మీ ప్రశ్నను రెండు వైపులా పనికొచ్చేలా తయారు చేసుకోవాలి. "ఈ జీన్ తీసేస్తే లివర్ కొవ్వు తగ్గుతుంది" అని రాసుకుంటే, తగ్గకపోతే చేతిలో ఏమీ మిగలదు. "ఈ జీన్ లేనప్పుడు లివర్‌కు కొవ్వు వచ్చే వేగం, తయారయ్యే వేగం, కాలే వేగం, బయటికి పోయే వేగం ఎలా మారతాయి" అని రాసుకుంటే, ఏ జవాబు వచ్చినా అది కొత్త సమాచారమే. జన్యువుల్లో మార్పు చేసిన ఎలుకల్ని సరిపడా సంఖ్యలో పెంచుకోవడానికే నెలలు పడుతుంది. ఆ సమయంలో పద్ధతుల మీద పట్టు సాధించండి.

పీహెచ్‌డీ తర్వాత అందరికీ ప్రొఫెసర్ ఉద్యోగాలు రావు, ఆ మాట దాచను. కానీ లిపిడ్లు కొలవడం నిజంగా వచ్చినవాళ్ళు ఎక్కడైనా తక్కువే. మందుల కంపెనీల్లో ఈ చదువు ఎలా పనికొస్తుందో చూడండి. పేగుల్లో తయారయ్యే జీఎల్‌పీ-1 హార్మోన్ రక్తంలో దాదాపు రెండు నిమిషాల్లో సగానికి పడిపోతుంది, అలాగే మందుగా ఇవ్వడం కుదరదు. దానికి కొద్ది మార్పులు చేసి 16 కార్బన్ల ఫ్యాటీ ఆసిడ్ తగిలిస్తే అది ఆల్బుమిన్‌ను పట్టుకుని రోజుకు ఒక ఇంజెక్షన్‌తో సరిపోయేలా మారింది, అదే లిరాగ్లుటైడ్. సెమాగ్లుటైడ్‌లో 18 కార్బన్ల డైఆసిడ్ పెట్టారు, వారానికి ఒకటి చాలు. ఫ్యాటీ ఆసిడ్ ఆల్బుమిన్‌ను ఎలా పట్టుకుంటుందన్నది ఒకప్పుడు కేవలం లిపిడ్ బయోకెమిస్టుల ఆసక్తి. ఈ రోజు కోట్లమంది వాడే మందులకు అదే ఆధారం.

నాన్నగారి గురించి రాశారు కాబట్టి ఒక మాట. మీ థీసిస్ ఆయనకు వైద్యం కాదు, ఆ బరువు మీ నెత్తిన వేసుకోకండి. ఎలుకలో దొరికింది మనిషికి చేరడానికి చాలా ఏళ్ళు పడుతుంది, చాలావరకు చేరదు కూడా. అయితే కొవ్వు కదలిక గురించిన జ్ఞానం ఇప్పటికే మనుషులకు ఉపయోగపడుతోంది. 2017లో బ్రిటన్‌లో వెలువడిన డైరెక్ట్ అధ్యయనంలో, టైప్-2 వచ్చి ఆరేళ్ళు దాటనివాళ్ళు పర్యవేక్షణలో తక్కువ కేలరీల ఆహారంతో బరువు తగ్గితే, ఏడాది చివరికి 46 శాతం మందిలో మందులు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. వాళ్ళ లివర్‌లోంచి, పాంక్రియాస్‌లోంచి కొవ్వు ఖాళీ అవడమే దీనికి మూలమని ఆ పరిశోధకులు చూపించారు. చాలా ఏళ్ళుగా జబ్బు ఉన్నవాళ్ళలో అంతగా ఫలితం ఉండకపోవచ్చు. కాబట్టి నాన్నగారి విషయంలో ఏ మార్పు చేయాలన్నా ఆయన డాక్టరుతో మాట్లాడాకే చేయండి. ముఖ్యంగా ఇన్సులిన్ లేదా షుగర్ తగ్గించే కొన్ని మాత్రలు వాడుతూ తిండి ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు.

చేరేలోపు మీకు కొన్ని నెలల సమయం ఉంటుంది. ఆ సమయంలో డిఫరెన్షియల్ ఈక్వేషన్లు మళ్ళీ తిరగేయండి, ట్రేసర్ (గుర్తు పెట్టిన అణువుల) లెక్కలన్నీ వాటి మీదే నడుస్తాయి. స్టాటిస్టిక్స్ చేయడానికి ఆర్ (R) గానీ పైథాన్ గానీ ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోండి. ఆ గైడ్ రాసిన పేపర్లలో మూడు తీసుకుని, ఫలితాలు చదవకుండా మెథడ్స్ మాత్రమే చదవండి. కణజాలాన్ని ఎలా గడ్డకట్టించారు, స్టాండర్డ్ ఎప్పుడు కలిపారు, ఆల్బుమిన్ నిష్పత్తి ఎంత? అవి స్పష్టంగా రాసి ఉంటే రెండో ఆలోచన పెట్టుకోకుండా చేరిపోండి. రాసి లేకపోతే నేరుగా ఆవిడనే అడగండి, మొహమాటపడకండి. మంచి గైడ్ అయితే ఆ ప్రశ్న అడిగినందుకే మిమ్మల్ని తీసుకుంటుంది.